మూడు తీరులా, నాలుగు తీరులా?

వేసవి మధ్యాహ్నమున మంథనిలో కిరాణా దుకాణమునకు పోయి వచ్చుట పిల్లలకు చిన్న పని కాదు. గోదావరి చేరువనే ఉన్నను, మే నెలలో ఆ ప్రాంతపు ఎండ ఎట్టిదో ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఒకమారు అట్టి ఎండవేళ మేము ఆ ఊర ఒక ఇంటి వసారాలో కూర్చుండి ఉండగా, చక్కెర నిండుకొన్నదని లోపలినుండి తల్లి కేక వేసినది. ఆ ఇంట ముగ్గురు పిల్లలు: అన్న, అక్క, తమ్ముడు. ఎవరు పోవలెనో తేల్చుకొనుటకు వారికొక పద్ధతి కలదు. చింతగింజను నడిమికి చీల్చినచో ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. అట్టి బద్దలు రెండింటిని గుప్పిట ఆడించి నేలమీద వేయుదురు. రెండును తెల్లగా పడిన అన్న పోవలెను. రెండును నల్లగా పడిన అక్క పోవలెను. ఒకటి తెలుపు, ఒకటి నలుపు పడిన తమ్ముడు పోవలెను. ఆనాడు ఒకటి తెలుపు, ఒకటి నలుపు పడినవి.

చిన్నవాడు కదలలేదు. "ఎప్పుడూ నాకే పడ్తది. నేను పోను" అన్నాడు.

"మూడు తీర్ల పడ్తయి, ముగ్గురం ఉన్నం. తలా ఒకటి. ఇండ్ల మోసమేమున్నదిరా?" అని అన్న గద్దించినాడు. "వాని గ్రహచారం" అని అక్క నవ్వినది. తల్లియు నవ్వి, వాని తల నిమిరి, సంచి చేతికిచ్చినది. వాడు పోయినాడు గాని, పోవునప్పుడు వాని కన్నులలో నీరున్నది.

వాని పక్షమే న్యాయమని మాకు తోచినది. జాలిచేత గాదు, లెక్కచేత. అన్న మోసగాడు కాడు. తాను చెప్పినది నిజమనియే నమ్మినాడు. తల్లియు నమ్మినది. ఇంటిల్లిపాదియు నమ్మిన ఒక తప్పు లెక్క ఆ చిన్నవానిని ఎండలో త్రిప్పుచున్నది. ఆ లెక్క ఏదో ఇచట విడదీసి చూపుదుము. పిల్లలున్న ఇండ్లలో వారిని రేడియో దగ్గర కూర్చుండబెట్టి, రెండు చింతబద్దలు, ఒక కాగితము, ఒక పెన్సిలు చేతికిండు.

పాఠశాలలలో ఈ విషయమును సంభావ్యత అను పేర చెప్పుదురు. సాధ్యమగు పర్యవసానములెన్ని, వానిలో మనకు అనుకూలమైనవెన్ని, రెండవదానిని మొదటిదానిచే భాగించుము: ఇదియే సూత్రము. పిల్లలు దీనిని సులభముగా వల్లించుదురు. కాని ఆ సూత్రమున ఒక మాట ఇమిడి ఉన్నది. పర్యవసానములన్నియు సమసంభవములు కావలెను. అనగా ఒకటి పడుటకెంత అవకాశము కలదో మరియొకటి పడుటకును అంతే ఉండవలెను. ఆ మాటను పరీక్షలో వ్రాసి, లెక్కలో మరచువారే ఎక్కువ. అన్న మరచినది ఆ మాటనే.

చిన్నవాడు దుకాణమునుండి వచ్చినపిదప మేము ఆ బద్దలను తీసికొని, ఒకదానిపై రెండువైపుల కాటుకతోను సున్నముతోను చిన్న చుక్క పెట్టితిమి. అది చుక్కబద్ద, రెండవది వట్టిబద్ద. ఇప్పుడు ఎన్ని తీరుల పడునో చెప్పుడని అడిగితిమి. అక్క వ్రేళ్లు మడచి చెప్పినది: రెండును తెలుపు, చుక్కబద్ద తెలుపు, వట్టిబద్ద నలుపు, చుక్కబద్ద నలుపు, వట్టిబద్ద తెలుపు, రెండును నలుపు. నాలుగు! మూడు కాదు. మరి చుక్క పెట్టకముందు మూడేనా? చుక్క పెట్టినంతమాత్రమున గింజ పడు తీరు మారునా? మారదు. చుక్క లేనప్పుడును నాలుగే ఉన్నవి. కాని నడుమనున్న రెండు తీరులును మన కంటికి ఒకే రూపున కనబడుటచేత వానిని ఒకటిగా లెక్కించితిమి. అవి రెండును తమ్ముని పాలబడినవి. కావున అన్నకు నాలుగింట ఒకటి, అక్కకు నాలుగింట ఒకటి, తమ్మునికి నాలుగింట రెండు. 32 దినములు ఇట్లు వేసినచో తమ్ముడు దాదాపు 16 మారులు, అన్నయు అక్కయు దాదాపు ఎనిమిదేసి మారులు పోవలసి వచ్చును. దాదాపు అని ఏల అంటిమనగా, గింజలు లెక్క ప్రకారము తుచ తప్పక పడవు. ఒక నెల 14 కావచ్చును, ఒక నెల 19 కావచ్చును. అయినను దినములు గడచుకొలది సగమునకు చేరువ అగుచుండును.

రెండు బద్దలైన వ్రేళ్లపై లెక్కింపవచ్చును. మూడైన? నాలుగైన? ఇచటనే పిల్లలు తడబడుదురు. తోచినది తోచినట్లు వ్రాసి ఒకటి విడుతురు, వేరొకటి రెండుమారులు వ్రాయుదురు. విడువకుండ, మరల వ్రాయకుండ అన్నిటిని వరుసగా దించు ఉపాయము మన దేశమున ఎంతో ప్రాచీనమైనది. అది గణితశాస్త్రమున గాక ఛందశ్శాస్త్రమున పుట్టినది. దాని పేరు ప్రస్తారము. మంథని వేదవిద్యకు పేరొందిన ఊరు. మంత్రకూటమను పేరే మంథని అయినదని చెప్పుదురు. ఛందస్సు వేదాంగములలో ఒకటి కావున, ఆ ఊర ఈ మాట తలపెట్టుట సముచితమే.

పింగళుని ఛందస్సూత్రములనుండి వచ్చిన ఆ పద్ధతి ఇది. మూడక్షరములు తీసికొనుడు. ఒక్కొక్క అక్షరము గురువు గాని లఘువు గాని కావలెను. గురువునకు గ, లఘువునకు ల అని వ్రాయుదము. మొదటి వరుస అంతయు గురువులే: గగగ. తరువాతి వరుసకు నియమమొక్కటే. పై వరుసలో ఎడమనుండి మొదట కనబడిన గురువు క్రింద లఘువు నుంచుము. దాని కుడివైపున పై వరుసలోనున్నది ఉన్నట్లే దించుము. ఎడమవైపున ఖాళీ ఉన్నచో గురువులతో నింపుము. అట్లు చేసినచో గగగ, లగగ, గలగ, లలగ, గగల, లగల, గలల, లలల అని వరుసగా ఎనిమిది వచ్చును. అన్నియు లఘువులైనప్పుడు ప్రస్తారము ముగియును. ఈ ఎనిమిదింటి పేర్లు మీ పిల్లలకు ముందే తెలియును: మ, య, ర, స, త, జ, భ, న. తెలుగు ఉపాధ్యాయుడు పద్యమునకు గణవిభజన చేయించునప్పుడు చెప్పు గణములే ఇవి. ఆ తరగతిలో గురులఘువులు వ్రాసిన బాలుడే, తరువాతి గంటలో లెక్కల ఉపాధ్యాయుడు మూడు నాణెములను ఎగురవేయుమన్నప్పుడు ఇది ఏదో కొత్త విద్య అని బెదరును. నాణెమునకు బొమ్మ, బొరుసు. అక్షరమునకు గురువు, లఘువు. చింతబద్దకు తెలుపు, నలుపు. పట్టిక ఒక్కటే. ఇద్దరు ఉపాధ్యాయులును ఒకనాడు కలసి ఈ పాఠము చెప్పినచో ఎంత బాగుండునని మాకు పలుమారులు తోచినది.

ఒక్కొక్క అక్షరము చేరినకొలది వరుసలు ఇబ్బడి అగును. ఒక అక్షరమునకు 2, రెంటికి 4, మూటికి 8, నాలుగింటికి 16. నాలుగక్షరముల ఛందస్సునకు ప్రతిష్ఠ అని పేరు. అందు వృత్తములు సరిగా 16. మీ ఇంట నాలుగు గవ్వలతో గాని, నాలుగు చింతబద్దలతో గాని అష్టాచెమ్మ ఆడినప్పుడెల్ల ఈ పదునారింటిలో ఒక వరుస నేలమీద పడుచున్నది. నాలుగును తెల్లగా పడిన చెమ్మ, అనగా నాలుగు. నాలుగును నల్లగా పడిన అష్ట, అనగా ఎనిమిది. తక్కినప్పుడు ఎన్ని తెలుపులో అన్ని గళ్లు. పదునారు వరుసలు దించి లెక్కింపుడు. తెలుపు ఒక్కటియు లేని వరుస 1. ఒక తెలుపున్నవి 4. రెండున్నవి 6. మూడున్నవి 4. నాలుగున్నది 1. కావుననే రెండు మాటిమాటికి పడును. అష్టకై నోరూరుచు ఎదురుచూడవలసి వచ్చును. పదునారు వరుసల గళ్లన్నియు కూడినచో 40. అనగా బద్దలు సమముగా పడినచో, సగటున ఒకమారు వేసిన రెండున్నర గళ్లు. కాయ ఇంటికి చేరుటకు ఇంకెన్నిమారులు వేయవలెనో అంచనా కట్టదలచినవారికి ఈ అంకె అక్కరకు వచ్చును.

ఈ 1, 4, 6, 4, 1 అను వరుస కూడ పాతదే. పింగళసూత్రములకు పదవ శతాబ్దమున వ్యాఖ్య వ్రాసిన హలాయుధుడు దీనిని మేరుప్రస్తారమను పేర వివరించినాడు. శిఖరమున 1, దాని క్రింద 1, 1, ఆ క్రింద 1, 2, 1, ఆపైన 1, 3, 3, 1. ప్రక్కప్రక్కనున్న రెంటిని కూడి నడుమ క్రిందికి దించుకొనుచు పోవుటయే. ఐరోపాలో పదునేడవ శతాబ్దపు పాస్కల్ పేర ఇదే త్రికోణము ప్రసిద్ధి చెందినది. ఆయనయు ఫెర్మాయు 1654లో జూదపు పందెములను గూర్చి వ్రాసికొన్న ఉత్తరములతోనే సంభావ్యతాశాస్త్రము ఆరంభమైనదని చెప్పుదురు. మేరువున మూడవ వరుసను మరల చూడుడు: 1, 2, 1. అన్నకు ఒకటి, తమ్మునికి రెండు, అక్కకు ఒకటి.

ఇచట వరుస వేరు, తరగతి వేరు అని గుర్తింపవలెను. పదునారు వరుసలలో ఏ ఒక్కటైనను పడు అవకాశము పదునారింట ఒకటియే. నలుపు నలుపు నలుపు నలుపు అను వరుస వింతగాను, తెలుపు నలుపు నలుపు తెలుపు అను వరుస మామూలుగాను మనకు తోచును. కాని గింజకు వింత తెలియదు. రెండు తెలుపుల తరగతిలో ఆరు వరుసలు గుమిగూడినవి. అష్ట తరగతిలో ఒక్కటియే ఉన్నది. భేదమంతయు ఆ గుంపులోనిదే. పెద్ద ఉదాహరణ కావలెననిన ఉత్పలమాలను తీసికొనుడు. దాని పాదమున 20 అక్షరములు. ఆ ఛందస్సునకు కృతి అని పేరు. ప్రస్తారమున 10,48,576 వరుసలు. అందు ఉత్పలమాల 3,55,799వది. అన్నిటిని దించి లెక్కింపనక్కరలేదు. అక్షరములపై ఎడమనుండి 1, 2, 4, 8 అని రెట్టింపు అంకెలు వేసికొని, లఘువులపై ఉన్న అంకెలు మాత్రము కూడి, ఒకటి కలిపిన చాలును. భగణమునకు చేసి చూడుడు: గలల. లఘువులపై 2, 4 ఉన్నవి, కూడిన 6, ఒకటి కలిపిన 7. పై వరుసలో భగణము ఏడవది అగునా, కాదా? దీనిని ఉద్దిష్టమందురు. చింతబద్దను 20 మారులు వేసి, తెలుపును గురువుగాను నలుపును లఘువుగాను వ్రాసికొన్నచో, ఉత్పలమాల పాదము పడు అవకాశము 10,48,576లో ఒకటి. ఇరువదియు గురువులే పడు అవకాశమును అంతే. రవ్వంతయు తక్కువ గాదు.

దీనితోడనే ఒక పాత భ్రమ తొలగింపవలెను. మూడుమారులు వరుసగా నలుపు పడినచో, ఇక తెలుపు పడితీరునని ఆడువారు పంతము పట్టుదురు. గింజ నిన్నటి సంగతి ఎరుగదు, ఇంతకుముందటి సంగతియు ఎరుగదు. గగగ తరువాత గగగగ అను వరుసయు, గగగల అను వరుసయు ప్రస్తారమున ఒక్కొక్కటియే ఉన్నవి.

అన్న చేసిన పొరపాటు పిల్లలకు మాత్రమే తగినదని ఎవరును తలపరాదు. పదునెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞులలో అగ్రగణ్యుడైన దాలంబేర్, 1754లో విజ్ఞానసర్వస్వమునకు వ్రాసిన ఒక వ్యాసమున ఇట్టిదే చేసినాడు. నాణెమును రెండుమారులు వేసినచో ఒకమారైనను బొమ్మ పడు అవకాశమెంత? మొదటిమారే బొమ్మ పడినచో రెండవమారు వేయనక్కరలేదు గదా అని ఆయన వాదము. కావున తీరులు మూడు: బొమ్మ, బొరుసు తరువాత బొమ్మ, రెండును బొరుసులే. అనుకూలములు రెండు, జవాబు మూడింట రెండు. నిజమునకు జవాబు నాలుగింట మూడు. మొదటి తీరు ఒక్క అడుగులో ముగిసినది. అది సగము అవకాశమును తానే మ్రింగినది. తక్కిన రెండును చెరియొక పావు. మూడును తీరులే గాని సమములు కావు.

కందపద్యము తెలిసినవారికి ఈ సంగతి ఇంకను స్పష్టమగును. కందమున గణములు నాలుగేసి మాత్రలవి. గురువు రెండు మాత్రలు, లఘువు ఒకటి. నాలుగు మాత్రలు కూర్చు తీరులు ఐదే: గగ, భ, జ, స, నల. ఈ సీమకు కందము పరాయిది కాదు. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్టపై, పంపకవి తమ్ముడైన జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతమున చెక్కించిన శాసనమున మూడు తెలుగు కందపద్యములున్నవి. ఇక ఈ ఐదు గణములను చింతబద్దకు అప్పగింపుడు. తెలుపు గురువు, నలుపు లఘువు. నాలుగు మాత్రలు నిండువరకు వేయుచుండవలెను. గగ రెండుమారులు వేయుటతోనే నిండును. దాని అవకాశము నాలుగింట ఒకటి. భ, జ, స మూడుమారులు కోరును. ఒక్కొక్కదానికి ఎనిమిదింట ఒకటి. నలకు నాలుగుమారులు; పదునారింట ఒకటి. మిగిలిన పదునారింట ఐదు పాళ్లలో మాత్రలు నాలుగు దాటి ఐదగును. ఐదు గణములున్నవి గదా, ఒక్కొక్కదానికి ఐదింట ఒకటి అన్నవాడు దాలంబేర్‌కు తోడగును.

ఇంతవరకు తెలుపునకును నలుపునకును సమాన అవకాశమని అనుకొంటిమి. నిజముగా అట్లున్నదా? చీల్చిన బద్దకు ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రన. నాణెమువలె అది సమరూపము కాదు, గవ్వయు అంతే. దీనిని ఆలోచించి తేల్చలేము, వేసి చూడవలెను. నూరుమారులు వేసి గీతలు గీసికొనుడు. ఇన్నూరైన మరియు మంచిది. భారతమున ఋతుపర్ణుడు పరుగెత్తు రథముమీదినుండియే తానిచెట్టు ఆకులను కాయలను లెక్క చెప్పగా, నలుడు ఊరక నమ్మలేదు. రథమును నిలిపి, చెట్టును కూల్చి లెక్కించి చూచినాడు. అక్షహృదయమును నేర్వబోవువానికి తగిన పనియే అది. మీరు చెట్టును కూల్చనక్కరలేదు. పిడికెడు చింతగింజలు చాలును.

మాటకు తెలుపు నలుపుకంటె రెండింతలుగా పడుననుకొందము. అప్పుడు ఆ ఇంటి పద్ధతి ఏమగును? తొమ్మిది పాళ్లలో రెండును తెలుపు 4, కలగలుపు 4, రెండును నలుపు 1. అన్నయు తమ్ముడును సమముగా ఎండలో తిరుగుదురు, అక్క నీడపట్టున ఉండును. గ్రహచారమనిన ఆమెదే! ఇంకొక సంగతి. ఆ పద్ధతి ఎట్టి గింజతోనైనను ముగ్గురికి సమము కానేరదు. రెండు బద్దలును ఒకే తీరువైనచో, అన్నకును అక్కకును సమము కావలెననిన తెలుపు నలుపులు సమము కావలెను. అవి సమమైనచో తమ్ముని వాటా సగమగును. గింజను మార్చిన లాభము లేదు, నియమమును మార్చవలసినదే.

ఎట్లు మార్చవలెను? ఇది మేము కనిపెట్టినది కాదు. పిల్లలు ఆటకు దొంగను ఎన్నుకొనుటకు పంటలు వేయుదురు గదా. ముగ్గురు చేతులు చాపి, అరచేయి పైకి గాని క్రిందికి గాని త్రిప్పుదురు. ఇద్దరిది ఒక తీరు, ఒకనిది వేరు అయినచో ఆ ఒకడు పండినాడందురు. ముగ్గురిది ఒకటే అయిన మరల వేయుదురు. చేతులకు మారుగా ఒక్కటే చింతబద్దను తీసికొని ముగ్గురును వరుసగా ఒక్కొక్కమారు వేయవలెను. వేరుగా పడినవాడు దుకాణమునకు పోవలెను. ఎనిమిది వరుసలలో గగగ, లలల అను రెండు మరల వేయవలసినవి. తక్కిన ఆరింటిలో ఒక్కొక్కరికి రెండేసి. బద్ద సమముగా పడకున్నను చిక్కు లేదు. తెలుపు రెండింతలైనచో, ఇరువదియేడు పాళ్లలో ఒక్కొక్కరికి ఆరేసి. మిగిలిన తొమ్మిది మరల వేయవలసినవి. ముగ్గురు వేయునది ఒకే బద్ద కావున ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అను మాట పుట్టదు. చేతులతో వేయు పంటలకు మాత్రము ఈ హామీ లేదు; ఇద్దరు కూడబలుకుకొన్నచో మూడవవానిని ఎన్నడును పండనీయకపోవచ్చును. గింజలు కూడబలుకుకొనవు.

ఇదంతయు ఆనాడు ఆ పిల్లలకు చెప్పితిమి. అన్న మొదట ఒప్పుకొనలేదు, పలకమీద ఎనిమిది వరుసలు తానే దించి, రెండుమారులు సరిచూచుకొని, "అయితే ఇన్ని దినాలు వీడు ఊకెనే తిరిగిండా?" అని అడిగినాడు. అక్క ఏమియు అనలేదు.

సాయంకాలము తల్లి ఉప్పు కావలెనన్నది. ముగ్గురును బద్దను వేసిరి. తెలుపు, తెలుపు, నలుపు. నలుపు వేసినది చిన్నవాడే. మేము కొంచెము కంగారుపడితిమి. వాడు బద్దను ఒకమారు త్రిప్పి చూచి, క్రింద పెట్టి, సంచి తీసికొని పోయినాడు.